ఆకుపచ్చ ముఖం అరిగిపోయింది

మిత్రులారా, మీ హౌస్‌లో కూడా తలుపు పక్కన ఆ మిషన్ పెట్టారని విన్నాం. క్లాస్తాల్ ఊరి నుంచి ఫోన్ చేసిన పిల్లలు భయంభయంగా అడిగారు, "అన్నా, మీ దగ్గరున్నదేనా?" అని. అదే. కానీ మిషన్ గురించి చెప్పేముందు దశరథ్ గురించి చెప్పాలి. మా కళ్ళముందే వాణ్ణి బయటికి పంపిన పొద్దు గురించి చెప్పాలి.

అప్పుడే కొత్త సంవత్సరం వచ్చింది. స్టుట్‌గార్ట్ శివార్లలో మంచు పడి, గట్టిపడి, నడిస్తే జారేట్టుంది. మా హౌస్ రూలు ఒకటే. తొమ్మిదింటికల్లా అందరూ బయటికి నడవాలి. చీకటి పడ్డాక మళ్ళీ తలుపు తెరుస్తారు. దశరథ్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఒక కాలికి బూటుంది, రెండోది వేసుకునే ఓపిక లేదు. పెదాలు పగిలి తెల్లగా అయ్యాయి. ముందురోజు నుంచీ వాంతులు. సెక్యూరిటీ మనిషి గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటున్నాడు.

"బిట్టె, ఈ ఒక్కరోజు పడుకోనీ," అన్నాడు దశరథ్ వచ్చీరాని జర్మన్‌లో.

"నాకు ఆర్డర్ ఉంది. నిన్ను పడుకోనిస్తే రేపు నా ఉద్యోగం నువ్విస్తావా?" అన్నాడతను. దుర్మార్గుడేం కాదు. కాంట్రాక్టు కింద పనిచేసే మనిషి, మాలాగే.

నాకు పార్సెల్ గోడౌన్లో షిఫ్టు ఉంది. "డాక్టర్ దగ్గరికి పోదాం పదరా, షిఫ్టు మానేస్తా," అన్నాను.

"వద్దుర చరణ్. కడుపుల ఏదో తేడా కొట్టింది, గంతే. ఎస్‌-బాన్ రైల్ల కూసుంట, వెచ్చగుంటది," అన్నాడు.

బ్యాగు భుజాన వేసుకుని తలుపు దాకా నడిచాడు. అక్కడ మిషన్ ఉంది. నిలువు కంబానికి మూడు ముఖాలు. నవ్వేది ఆకుపచ్చ, మధ్యలో పసుపు, ఏడ్చేది ఎరుపు. 'ఈరోజు మా సేవ ఎలా ఉంది?' అని పైన జర్మన్‌లో రాసి ఉంటుంది. దశరథ్ గోడకి ఆనుకుని, ఊపిరి తీసుకుని, ఆకుపచ్చది నొక్కాడు. మిషన్ కిచ్‌మంది. వాడు మంచులోకి దిగిపోయాడు.

అది చూసి నేనేమీ అనుకోలేదు. ఎందుకంటే నేనూ అదే నొక్కి వాడి వెనకాలే వెళ్ళాను.

ఇల్లు లేని కుర్రాళ్ళ కోసం నగరపాలక సంస్థ డబ్బులిస్తే ఒక ప్రైవేటు నిర్వాహకుడు నడిపే హౌస్ అది. పాత ప్రింటింగ్ ప్రెస్ బిల్డింగ్. సగం మంది జర్మన్ పిల్లలు, అనాథాశ్రమాల నుంచి వయసు దాటిందని బయటికి పంపినవాళ్ళు, ఇంట్లో తన్నులు తినలేక వచ్చేసినవాళ్ళు. మిగతా సగంలో మేము ఎక్కువ. ఎం.ఎస్. చదవడానికి వచ్చిన తెలుగువాళ్ళం. యూనివర్సిటీ డార్మ్‌లో వెయిటింగ్ లిస్టు, ఫోటోలో చూపించిన రూము ఆ అడ్రసులోనే లేదు, ఫ్రెండ్ రూములో ఎన్నాళ్ళు దాక్కుంటాం? ఇంటికి మాత్రం 'హాస్టల్ దొరికింది' అని చెప్పాం. హౌస్ మాకు మంచం ఒక్కటే ఇవ్వలేదు, అడ్రసు ఇచ్చింది. ఆ అడ్రసు మీదే మా ఆన్‌మెల్డుంగ్, అంటే ఊళ్ళో నివాస నమోదు, దాని మీదే వీసా పొడిగింపు. ఆ ఊరిలో మేము ఉన్నామని చెప్పే కాగితం ఆ గుమ్మం నుంచి వచ్చిందే. దాన్ని పోగొట్టుకుంటే మనిషే ఉండడు.

అందుకే ఆకుపచ్చ.

దానికి ఇంకో కారణం ఉంది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు. సెమిస్టర్ చివర అందరినీ ల్యాబ్‌లో కూర్చోబెట్టి ఫ్యాకల్టీ ఫీడ్‌బ్యాక్ నింపిస్తారు. రోల్ నంబర్‌తో లాగిన్. వెనకాల హెచ్.ఓ.డి. చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. "అందరూ ఎక్సలెంట్ పెట్టండమ్మా, ఇంటర్నల్స్ నా చేతిలో ఉన్నాయి." పాఠం చెప్పనివాడికీ ఎక్సలెంటే, క్లాసుకే రానివాడికీ ఎక్సలెంటే. నాలుగేళ్ళు వేళ్ళకి ఆ పాఠం బాగా వంటబట్టింది. ఇక్కడ మిషన్ పైన చిన్న నల్ల గాజు చుక్క ఉంది. అది కెమెరా అని ఎవరన్నారో తెలీదు, అందరం నమ్మాం. తర్వాత తెలిసింది, ఆ గాజు వెనకాల ఏమీ లేదని. మా హెచ్.ఓ.డి.ని మేమే మోసుకొచ్చి అక్కడ నిలబెట్టుకున్నాం.

ఎర్రది నొక్కేది ఒక్కతే, యూలె. పాలబుగ్గల వయసు నుంచి ఆశ్రమాల్లోనే పెరిగిన జర్మన్ పిల్ల. రోజూ పిడికిలితో గుద్దేది. మాకు భయం వేసేది. "నీవల్ల హౌస్ పర్సంటేజీ పడిపోతోంది," అని ఒకసారి నేనే అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, "ఆ పర్సంటేజీ ఎవరిది? నీదా?" అంది. పిచ్చిది అనుకున్నాం.

మిషన్ రాకముందు హౌస్ వేరేలా ఉండేది. అప్పుడు బిర్గిట్ ఉండేది. జుట్టు నెరిసిన సోషల్ వర్కర్, ఎప్పుడూ చేతిలో సిగరెట్ చుట్టుకుంటూ ఉండేది. ఆఫీసుల్లో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, ఉంటే వెంట వచ్చేది. మాకు భాష రాదని కాదు, ఒంటరిగా ఆ కుర్చీలో కూర్చుంటే నోరు పెగలదని ఆమెకి తెలుసు. తలుపు తట్టకుండా ఎవరి గదిలోకీ వచ్చేది కాదు. మన కథ ఆమెకి ఒక్కసారి చెప్తే చాలు. మళ్ళీ వెళ్ళినప్పుడు మొదటి నుంచి చెప్పుకోవాల్సిన పని లేదు. ఒకరోజు కనిపించకపోతే ఫోన్ చేసేది. పగలు తలుపు తెరిచే ఉండేది, వంటగది మా చేతిలో ఉండేది. వారంలో ఏరోజు ఏం వండాలో ఆమె చెప్పేది కాదు, మేమే కూర్చుని తేల్చుకునేవాళ్ళం. చిత్తూరు నుంచి వచ్చిన అలివేలుమంగ టమోటా పప్పు తిరగమోత వేస్తే జర్మన్ పిల్లలు దగ్గుకుంటూ వచ్చి ప్లేట్లు పట్టుకుని నిలబడేవాళ్ళు. బిర్గిట్ ఆఫీసులో చిన్న ఫ్రిజ్ ఉండేది. అందులో యూలె వెన్న, పక్కన దశరథ్ ఇన్సులిన్. చిన్నప్పటి నుంచీ షుగర్ వాడికి. "తిన్నావా? వేసుకున్నావా?" అని రోజూ అడిగేది. వాడికి కొంచెం ముఖం వాలినా ఆమె కనిపెట్టేసేది.

మిషన్ వచ్చిన కొన్నాళ్ళకి మేనేజర్ లాంగర్ ఒకరోజు దాని లెక్కల బొమ్మ స్క్రీన్ మీద చూపించాడు. అంతా ఆకుపచ్చ, అంచున సన్నటి ఎర్ర గీత. "ఇంత సంతోషంగా ఉన్న యువతకి ఇంతమంది స్టాఫ్ ఎందుకు?" అన్నాడు. మేము చప్పట్లు కొట్టాం. నిజంగానే కొట్టాం. వారం తిరక్కుండా బిర్గిట్‌ని వేరే చోటికి మార్చారు. ఆఫీసుకి తాళం పడింది, ఫ్రిజ్ లోపలే ఉండిపోయింది. తర్వాత పగలు తలుపు మూశారు. వంటగది మూశారు. మేము రోజూ బయటికి పోతూ ఆకుపచ్చ నొక్కుతూనే ఉన్నాం. నొక్కీ నొక్కీ ఆ ముఖం కళ్ళు చెరిగిపోయాయి.

ఇన్సులిన్ పెట్టుకోవడానికి చోటు లేక దశరథ్ మొత్తం బ్యాగులోనే మోసేవాడు. పండగ సెలవులకి లైబ్రరీ మూశారు. పగలంతా బస్టాపుల్లో, పార్కు బెంచీల మీద. మంచులో ఆ మందు గడ్డకట్టింది. మళ్ళీ కరిగితే మామూలుగానే కనిపిస్తుందట, కానీ ఒంట్లో పనిచేయదట. అది మాకు ఆస్పత్రిలో డాక్టర్ చెప్పింది. వాడు మాత్రం తిన్నప్పుడల్లా బుద్ధిగా ఆ చచ్చిన మందే పొడుచుకున్నాడు.

ఆరోజు వాడు ఎస్‌-బాన్ ఎక్కి ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూనే ఉన్నాడు. పక్కన కూర్చున్నవాళ్ళు చదువుకునే కుర్రాడు నిద్రపోతున్నాడనుకున్నారు. చివరి స్టేషన్‌లో రైలు ఊడ్చే ఆవిడ భుజం తట్టి చూసి కేక వేసింది. ఆస్పత్రికి చేర్చారు. తెల్లారేసరికి పోయాడు.

కారిడార్‌లో నేనూ అలివేలూ కూర్చుని ఉన్నాం. డాక్టర్ బయటికి వచ్చి అడిగింది.

"నిన్న పొద్దున్నే ఇతని పరిస్థితి బాగా పాడై ఉండాలి. ఎవరూ చూడలేదా?"

"చూశాం," అన్నాను. "అందరం చూశాం."

వాడి అన్న విశ్వనాథం సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. నేనే ఫోన్ చేశాను. వెనకాల మగ్గాల చప్పుడు. ఆ చప్పుడులోనే విషయం చెప్పాను. తర్వాత అన్నాడు, "మొన్ననే మాట్లాడిండు. మంచిగున్న అన్నడు. టైముకు తింటున్న అన్నడు. ఆడ మంచి హాస్టల్ అన్నడు గద తమ్మీ?"

వాడు ఇంటికి కూడా ఆకుపచ్చే నొక్కాడు. ఫోన్ పెట్టేసి గోడకి తల ఆనించి ఏడ్చాను.

ఆ సాయంత్రం హౌస్ కింద, బట్టలుతికే గదిలో మీటింగ్ పెట్టుకున్నాం. తెలుగు అసోసియేషన్ పెద్ద రవీంద్రనాథ్ గారు వచ్చారు. కార్ల విడిభాగాల కంపెనీలో పెద్ద ఉద్యోగం, బ్లూ కార్డు వీసా. కోటు విప్పకుండానే నిలబడి మాట్లాడారు.

"చూడండి బాబూ, బాడీని ఇంటికి పంపే ఏర్పాట్లన్నీ మేం చూసుకుంటాం. దాని గురించి మీరు బెంగపడొద్దు. కానీ దీన్ని పెద్దది చేయకండి. ఇండియన్ స్టూడెంట్లు రోడ్డు మీద ఉన్నారని పేపర్లో పడిందనుకోండి, రేపు మనవాళ్ళకి ఇల్లు ఎవరిస్తారు?"

"ఇప్పుడు ఎవురిస్తా ఉండారు సార్?" అంది అలివేలు. గొంతు పెంచలేదు. "మీ ఇంట్లో మేడ మీద రూము ఖాళీగా ఉండాది. దశరథ్ వచ్చి అడిగినప్పుడు ఏమని పంపించినారు?"

ఆయన ముఖం మాడిపోయింది. "ఫ్యామిలీ ఉంటుందమ్మా ఇంట్లో. మీకు తెలీదు."

"మాకు ఫ్యామిలీలు లేవా సార్? మేమేమన్నా ఆకాశంలోంచి ఊడిపడినామా?"

"నేను మీ మంచికే చెప్తున్నా. వీసాలు పోతాయి. అప్పుడు నా దగ్గరికి రావద్దు."

"ఇప్పుడు మాత్రం ఎవరొచ్చారు మీ దగ్గరికి?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆయన వెళ్ళిపోయారు. ఆయన మాటకి భయపడి కొందరు కూడా లేచారు. వాళ్ళని నేను తప్పుపట్టను. ఆ భయం మా అందరికీ ఒకే అమ్మ పాలతో పట్టినట్టు ఉంది.

అప్పుడు యూలె మెట్లు దిగి వచ్చింది. వెనకాల ఇంకా కొందరు జర్మన్ పిల్లలు. వాషింగ్ మిషన్ మీద కూర్చుంది. మేము తలలు దించుకున్నాం.

"రేపట్నుంచి అందరం ఎర్రది నొక్కుదాం," అన్నాను జర్మన్‌లో, ఆమె మెప్పు కోసమే అన్నట్టు.

"నేను రోజూ కొట్టాను. ఏమైంది? పిచ్చిది అని రాసుకున్నారు," అంది యూలె. "రేపు అందరూ ఎర్రది నొక్కితే లాంగర్ ఏమంటాడో తెలుసా? మిషన్ చెడిపోయింది అంటాడు. కొత్తది తెస్తాడు. దానికి నాలుగు ముఖాలుంటాయి."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"నేను కోపంగా ఉన్నది మీరు పచ్చది నొక్కినందుకు కాదు," అంది. "ఒకే వంటగదిలో తిన్నాం. ఒక్కసారన్నా నన్ను అడగలేదు, ఎందుకు కొడుతున్నావని. దశరథ్ ఒక్కడే అడిగాడు. అడిగి, నువ్వు చెప్పేది నిజమే అన్నాడు. అని, వెళ్ళి పచ్చది నొక్కాడు."

అలివేలు లేచి వెళ్ళి యూలె పక్కన నిలబడింది. "అయితే ఏదీ నొక్కొద్దు," అంది. "పొద్దున బయటికీ పోవద్దు. మనకి నోరు ఉండాది. మనకేం కావాలో మనమే చెప్దాం. వీసా పోతే పోనీ అనే ధైర్యం నాకు లేదు, చెప్పేస్తా ఉండా. భయంగానే ఉండాది. భయపడతానే కూర్చుంటా."

చాలాసేపు వాదులాడుకున్నాం. తిట్టుకున్నాం కూడా. చివరికి చేతులెత్తమంటే ముందు లేచి వెళ్ళినవాళ్ళలో ఇద్దరు మెట్ల మీద నుంచే చేతులెత్తారు.

పొద్దున తొమ్మిదవుతోంది. ఆ వేళకి బూట్లు వేసుకుని లైన్లో నిలబడాలి. అలివేలు తన బూట్లు విప్పి గుమ్మం ముందు పెట్టింది. మనం ఇంట్లోకి వస్తే చేసే మొదటి పని అదే కదా. నేనూ విప్పాను. అందరం విప్పాం. జర్మన్ పిల్లలు మమ్మల్ని చూసి, ఎందుకో అడక్కుండానే విప్పి పడేశారు. గుమ్మానికి అడ్డంగా బూట్ల కుప్ప. ఆస్పత్రివాళ్ళు సంచిలో పెట్టి ఇచ్చిన దశరథ్ బూట్లు తెచ్చి అన్నిటికంటే ముందు పెట్టాను. సాక్సులతో కారిడార్ పొడుగునా నేల మీద కూర్చున్నాం.

సెక్యూరిటీ అతను ఒకసారి కుప్పని చూశాడు, ఒకసారి మమ్మల్ని చూశాడు. "నేనొక్కణ్ణే. వీళ్ళు చాలామంది," అని ఫోన్లో చెప్పి పక్కకి జరిగాడు.

లాంగర్ వచ్చాడు. బూట్లు దాటుకుని లోపలికి రావడానికి తంటాలు పడ్డాడు. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది అతని ముఖంలో.

"నాకు అర్థం కావట్లేదు. మీకు అంతా నచ్చిందని మీరే చెప్పారు. ఏడాది పొడుగునా మీరే చెప్పారు!"

ఆ మాట మా గుండెల్లో దిగింది. అబద్ధం కాదు మరి. ఇక్కడే ఓడిపోతాం అనుకున్నాను.

"అవును, చెప్పాం," అంది అలివేలు జర్మన్‌లో, తడుముకుంటూ. "భయంతో చెప్పాం. దశరథ్ కూడా చావడానికి పోతూ చెప్పిపోయాడు. నువ్వు మిషన్‌ని అడిగావు. మమ్మల్ని ఒక్కసారైనా అడిగావా? ఇక్కడ కూర్చో. ఇప్పుడు అడుగు."

అతను కూర్చోలేదు. అయినా మేము చెప్పడం మొదలుపెట్టాం. పగలు తలుపు తెరవాలని ఒకడు అరిచాడు. జ్వరమొస్తే పడుకోవడానికి మంచం కావాలి, తాళంచెవి మా చేతిలో ఉండాలి. బిర్గిట్ కావాలి, బిర్గిట్ లాంటి కొత్త మనిషి వారానికొకరు వద్దు, బిర్గిటే కావాలి అంది యూలె. మందులు పెట్టుకునే ఫ్రిజ్ అని నేనన్నాను. ఈ హౌస్ గురించి ఎక్కడ కూర్చుని నిర్ణయిస్తారో ఆ బల్ల దగ్గర మాకు కుర్చీలు కావాలి అని వెనక నుంచి ఒక పిల్ల అంది. అంతవరకూ ఆ పిల్ల గొంతు మేమెవరం వినలేదు. తెలుగు, జర్మన్, ఇంగ్లీషు అన్నీ కలిసిపోయాయి. లాంగర్ చేయి ఆ మిషన్ మీద వేసుకుని నిలబడ్డాడు, మేము దాన్ని ఏమైనా చేస్తామేమోనని. మేము దాని వైపు చూడనైనా లేదు.

పోలీసులు వచ్చారు. లేవమన్నారు. లేవలేదు. చేతులూ కాళ్ళూ పట్టుకుని ఒక్కొక్కరినే మోసుకెళ్ళి బయట మంచులో దింపారు, సాక్సులతోనే. యూలెని మోస్తున్నప్పుడు పెద్దగా పాట పాడింది. అలివేలు తలుపు చట్రం పట్టుకుని వదల్లేదు. వేళ్ళు విడదీసి, చేతులు వెనక్కి కట్టి వ్యాన్‌లో ఎక్కించారు. తను ఉంటున్న ఇంట్లో అక్రమంగా ఉందని ఆమె మీద కేసు.

వీధిలో బిర్గిట్ నిలబడి ఉంది. ఎవరు చెప్పారో తెలీదు. గోడౌన్‌లో షిఫ్టు దిగిన మా తోటి కార్మికులు కూడా వచ్చారు, పసుపు జాకెట్లతోనే. బిర్గిట్ మంచులో నిలబడిన మా దగ్గరికి వచ్చింది. పోలీసులు మా బూట్లు కూడా బయటికి విసిరేశారు, వాటిలో దశరథ్‌వి నా చేతిలో ఉన్నాయి. వాటిని చూసింది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోకుండా ఎప్పుడూ అడిగే మాటే అడిగింది.

"ఎలా ఉన్నారు?"

అలవాటుగా 'బాగున్నాం' అని నాలుక దాకా వచ్చింది. మింగేశాను.

"బాగాలేం," అన్నాను. పక్కనున్నవాళ్ళూ అన్నారు. వరసగా అందరం అన్నాం, ఎవరి భాషలో వాళ్ళం. ఆ వీధిలో మొదటిసారి నిజం చెప్పాం.

చీకటి పడ్డాక రూలు ప్రకారం తలుపు తెరిచారు. తెరవక తప్పదు, నగరపాలక సంస్థతో కాంట్రాక్టు అలాగే రాసుకున్నారు. అందరం లోపలికి నడిచాం. మిషన్‌ని ఎవరూ ముట్టుకోలేదు. కళ్ళు లేని ఆకుపచ్చ ముఖం దాని పాటికి అది నవ్వుతూ ఉంది.

దశరథ్ మంచం మీద కూర్చుని విశ్వనాథానికి ఫోన్ చేశాను.

"అన్నా, నిన్న చెప్పలేకపోయా. అది హాస్టల్ కాదు. వాడు బాగాలేడు. మేమెవరం బాగాలేం."

మగ్గాల చప్పుడు. జరిగిందంతా చెప్పాను. అలివేలు ఇంకా స్టేషన్లోనే ఉందని చెప్పాను. అటువైపు ఏడుస్తున్నాడని తెలుస్తోంది. కాసేపటికి అడిగాడు.

"రేపు పొద్దుగాల మల్ల కూసుంటరా?"

"కూర్చుంటాం అన్నా."

"పోలీసోల్లు మల్లొస్తే?"

"మళ్ళీ కూర్చుంటాం."

"ఆగు. ఫోన్ పెట్టకు," అన్నాడు. ఎవరినో కేకేశాడు. ఒక మగ్గం ఆగింది. ఇంకోటి ఆగింది. ఒక్కొక్కటే ఆగుతూ, షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. చుట్టూ మనుషులు చేరిన అలికిడి వినిపించింది.

"చెప్పు తమ్మీ," అన్నాడు విశ్వనాథం. "మావోల్లందరు ఇంటున్నరు. మా తమ్మునికి ఏమైందో మొదటిసంది చెప్పు."

నేను చెప్పడం మొదలుపెట్టాను.